ల్యాబ్‌లో కంప్యూటర్లు చాలకపోతే
బిజినెస్ స్టడీస్ చెప్పే టీచర్లకు ఒక మాట. మెషీన్లు తక్కువున్నాయని సగం మంది పిల్లల్ని వెనక నిలబెట్టకండి, చూస్తూ నిలబడితే ఏమీ రాదు. లెక్క ముందు క్లాసులోనే కాగితం మీద చేయించి, ఆ కాగితంతోనే ల్యాబ్‌కి తీసుకెళ్లండి. ఇద్దరికో మెషీన్. ఒకరు అంకెలు చదవాలి, ఇంకొకరు స్ప్రెడ్‌షీట్‌లో, అంటే గడుల పట్టికలో, టైప్ కొట్టాలి, 10 నిమిషాలకోసారి కుర్చీలు మారాలి. మౌస్ వదలని పిల్లలుంటారు కాబట్టి టైమ్ మీరే చూడండి.

తరుగుదల (వాడే కొద్దీ ఆస్తి విలువ తగ్గడం) పాఠం దీనికి బాగా పనికొస్తుంది. యంత్రం విలువ 50,000, రేటు 10 శాతం అనుకోండి. స్థిర వాయిదాల పద్ధతిలో, అంటే ఎప్పుడూ మొదటి విలువ మీదే లెక్కిస్తే, ఏటా 5,000. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో, అంటే ఏటా మిగిలిన విలువ మీద లెక్కిస్తే, 5,000, 4,500, 4,050. కాగితం, స్క్రీన్ రెండూ సరిపోయాక రేటు గడిలో 10 తీసి 15 కొట్టమనండి. కాలమ్ మొత్తం ఒక్కసారే మారిపోతుంటే పిల్లలు ముందుకు వంగి చూస్తారు, పాఠం నిజంగా ఎక్కేది అప్పుడే. అందుకే రేటును ఫార్ములాలో ఇరికించకుండా విడిగా ఒక గడిలో పెట్టించండి. ఫార్ములాలో ఆ గడికి డాలర్ గుర్తులు ($B$1 లాగా) తగిలించకపోతే కిందికి లాగినప్పుడు లెక్క తప్పుతుంది.

నెట్ లేకపోయినా పర్లేదు, ఉచితంగా దొరికే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ లిబ్రెఆఫీస్ కాల్క్ చాలు.