అరవై కార్డుల లెక్క – నాలుగో పాఠం: ల్యాండ్లు ఎన్ని పెట్టాలి?

మ్యాజిక్: ది గ్యాదరింగ్ లాంటి కార్డుల ఆటలో మీ డెక్ (మీరు కట్టుకునే కార్డుల కట్ట) ఎలా గెలుస్తుందో ఒక్క వాక్యంలో రాయమని పోయిన పాఠంలో చెప్పాను. ఆ కాగితం తీసి ముందు పెట్టుకోండి. "చిన్న క్రీచర్లతో మొదట్లోనే కొట్టి, మిగిలిన లైఫ్‌ని లైట్నింగ్ బోల్ట్‌లతో తీసేస్తాను" అని రాసి ఉంటే బాగుంది (క్రీచర్లు అంటే మన తరఫున దాడి చేసే కార్డులు, లైట్నింగ్ బోల్ట్ అంటే ఎదుటివాడి మీదో అతని క్రీచర్ మీదో నేరుగా దెబ్బ వేసే కార్డు). "అన్నీ పవర్‌ఫుల్ కార్డులే పెడతాను" అని రాసి ఉంటే మూడో పాఠం ఇంకోసారి చదవాలి. అది కోరిక మాత్రమే, దాంట్లో ప్లాన్ లేదు.

ఈ పాఠంలో ఆ వాక్యానికి లెక్క కడదాం. ఉదాహరణలన్నీ మ్యాజిక్: ది గ్యాదరింగ్ నుంచే తీసుకుంటున్నాను. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ తయారుచేసిన ఈ ఆటలో డెక్‌కి కనీసం 60 కార్డులు, ఒక కార్డుకి ఎక్కువలో ఎక్కువ 4 కాపీలు (బేసిక్ ల్యాండ్లకి ఈ పరిమితి లేదు), మొదటి హ్యాండ్‌లో 7 కార్డులు, ఇద్దరికీ చెరో 20 లైఫ్ (అది సున్నాకి పడితే ఓడినట్టే). ఇవి మీకు తెలిసినవే.

ముందుగా ఒక కూడిక. మిగతా కార్డులు ఆడటానికి కట్టే ఖరీదే మానా, టర్న్‌కి ఒక మానా చొప్పున ఇచ్చే కార్డు ల్యాండ్. టర్న్‌కి ఒక్క ల్యాండే పెట్టగలం. ఏ టర్న్ మానా ఆ టర్న్‌లోనే వాడాలి, దాచుకోవడానికి వీల్లేదు. కాబట్టి ప్రతి టర్న్ ల్యాండ్ పడుతూ ఉంటే మొదటి నాలుగు టర్న్‌లలో మీ చేతికి వచ్చేది 1+2+3+4, మొత్తం 10 మానా. మొదటి రెండు టర్న్‌లలో ఆడటానికి మీ దగ్గర ఏమీ లేకపోతే 3 మానా గాలికి పోయినట్టే. మూడే కదా అనిపిస్తుంది. ఎదుటివాడు అదే మూడింటితో ఏం చేస్తాడో చూడండి.

గోబ్లిన్ గైడ్ అనే ఎర్ర క్రీచర్ ఉంది. ఖరీదు ఒక మానా, బలం 2, వచ్చిన టర్న్‌లోనే దాడి చేస్తుంది. మొదటి టర్న్ మీదే అయినా సరే, మీ అయిదో టర్న్ మొదలయ్యేలోపు అతనికి నాలుగు టర్న్‌లు దొరుకుతాయి. అడ్డు లేకపోతే ఆ ఒక్క కార్డు వల్లే 8 లైఫ్ పోతుంది. (దాడి చేసినప్పుడల్లా మీ డెక్ పై కార్డు చూపించాలి, అది ల్యాండ్ అయితే మీ చేతికి వస్తుంది. అంటే కొడుతూ కొడుతూ మనకి ల్యాండ్లు కూడా ఇస్తుంది. ఆ దానం చూసి మురిసిపోయి ఓడిపోయినవాళ్లలో నేనూ ఉన్నాను.) మీ 5 మానాల డ్రాగన్ ఎంత గొప్పదైనా, అది బల్ల మీదకి వచ్చేసరికి మీ లైఫ్ 12. అదీ ఎదుటివాడు ఆ గైడ్ తప్ప ఇంకేమీ ఆడకపోతేనే.

అందుకే డెక్ కట్టేటప్పుడు పెద్ద కార్డుల దగ్గర మొదలుపెట్టొద్దంటాను. మొదటి టర్న్ ఏం ఆడతారు, రెండో టర్న్ ఏం ఆడతారు అన్నది ముందు తేలాలి. డ్రాగన్ సంగతి ఆఖరున చూద్దాం.

కార్డులని ఖరీదు ప్రకారం పక్కపక్కన దొంతరలుగా పేర్చండి: ఒక మానావి ఒక దొంతర, రెండువి ఇంకో దొంతర, అలా. ఆ దొంతరల ఎత్తులు కలిపి చూస్తే కనబడే వంపునే మానా కర్వ్ అంటారు. ఇది పేరుకెక్కడానికి కారణమైన డెక్ ఒకటుంది. 1996లో అట్లాంటాలో జరిగిన ప్రో టూర్ క్వాలిఫయర్‌లో (పెద్ద టోర్నమెంట్‌కి అర్హత పోటీ) పాల్ స్లై అనే ఆటగాడు ఒక ఎర్ర డెక్‌తో రెండో స్థానానికి వచ్చాడు. డెక్ ఆలోచన జే ష్నైడర్‌ది. దాంట్లో ఐరన్‌క్లా ఆర్క్స్ లాంటి కార్డులున్నాయి. రెండు మానాలు, 2/2 (బలం 2, తట్టుకునే శక్తి 2), పైగా బలం 2 లేదా అంతకన్నా ఎక్కువున్న దేన్నీ అడ్డుకోలేదు. విడిగా చూస్తే ఎవరూ పట్టించుకోని కార్డు. కానీ ఆ డెక్‌లో ప్రతి టర్న్‌కీ ఆడటానికి ఏదో ఒకటి ఉండేలా లెక్క కట్టారు. ఎదుటివాళ్లు మంచి కార్డులు చేతిలో పట్టుకుని మానా కోసం చూస్తుంటే, ఇక్కడ నాసిరకం ఆర్క్‌లు నడుచుకుంటూ వెళ్లి కొట్టాయి.

అలాంటి దూకుడు డెక్‌కి నేను మొదట వేసే ముగ్గు ఇది: 20 ల్యాండ్లు, ఒక మానావి 16, రెండువి 14, మూడువి 8, నాలుగువి 2. దీన్ని శాసనంగా తీసుకోకండి, ఆడుతూ మార్చుకోవాలి. రెండు మానాల దొంతర ఎత్తుగా ఉంచడానికి మాత్రం గట్టి కారణం ఉంది. రెండో టర్న్‌లో అది సరిగ్గా సరిపోతుంది. మూడో టర్న్‌లో ఒక మానా కార్డుతో జత కలుస్తుంది. నాలుగో టర్న్‌లో రెండేసి ఆడొచ్చు. నాలుగు మానాల కార్డుకి ఆ వెసులుబాటు లేదు, నాలుగో ల్యాండ్ పడేదాకా చేతిలోనే కూర్చుంటుంది.

ఇక ల్యాండ్లు. అందరూ తప్పు చేసేది ఇక్కడే, నేనూ చేశాను. ఒకసారి టోర్నమెంట్‌కి ముందు రాత్రి 24 ల్యాండ్ల డెక్‌లోంచి రెండు ల్యాండ్లు తీసి రెండు డ్రాగన్లు ఇరికించాను. రెండే కదా అనుకున్నాను. మూడో రౌండ్‌లో బల్ల మీద రెండు ల్యాండ్లు, చేతిలో నాలుగు డ్రాగన్లు. ముక్క పడలేదని అందరికీ చెప్పుకు తిరిగాను. ఇంటికొచ్చి లెక్క వేస్తే తెలిసింది, ముక్క పడకుండా ఏర్పాటు చేసుకున్నది నేనేనని.

ఆ లెక్క ఇదీ. మొదట ఆడేవాడికి మొదటి టర్న్‌లో కొత్త కార్డు తీసుకోవడం (డ్రా) ఉండదు కాబట్టి నాలుగో టర్న్‌కి 10 కార్డులు చూస్తాడు. ఆ పదిలో కనీసం 4 ల్యాండ్లు ఉండే అవకాశం, డెక్‌లో 20 ల్యాండ్లుంటే 44 శాతం, 22 అయితే 54, 24 అయితే 63, 26 అయితే 72. అంటే రెండు ల్యాండ్లు తీసిన ప్రతిసారీ, నాలుగో టర్న్‌లో నాలుగు మానాలు ఉండే అవకాశం ఇంచుమించు తొమ్మిది శాతం పడిపోతుంది. కాబట్టి ల్యాండ్ల సంఖ్య డ్రాగన్లని చూసి కాదు, "నాలుగో టర్న్‌లో నాకు నాలుగు మానాలు ఎంత అవసరం?" అని అడిగి తేల్చుకోవాలి. నాలుగో టర్న్‌లో రాత్ ఆఫ్ గాడ్ ఆడి బల్ల మీదున్న క్రీచర్లన్నిటినీ తుడిచేయడమే మీ ప్లాన్ అయితే 26 కూడా ఎక్కువేం కాదు. ఎర్ర దూకుడు డెక్‌కి ఆ అవసరమే లేదు, దానికి రెండు మూడు ల్యాండ్లతోనే రోజు గడుస్తుంది.

అలాగని 20 పెట్టుకుని నిశ్చింతగా ఉండొచ్చా అంటే, అదీ లేదు. 20 ల్యాండ్ల డెక్‌లో మొదటి ఏడు కార్డులలో సున్నా లేదా ఒక్క ల్యాండ్ వచ్చే అవకాశం దాదాపు 25 శాతం. నాలుగు హ్యాండ్‌లలో ఒకటన్నమాట. 24 ల్యాండ్లతో అది 14 శాతమే. అయితే దానికీ ఒక వెల ఉంది. అయిదు, అంతకన్నా ఎక్కువ ల్యాండ్లతో హ్యాండ్ నిండిపోయే అవకాశం 20కి మూడున్నర శాతం ఉంటే, 24కి 8 దాటుతుంది. మానా స్క్రూ (ల్యాండ్లు చాలకపోవడం), మానా ఫ్లడ్ (ల్యాండ్లు ఎక్కువైపోవడం) రెండిట్లో మీ డెక్ దేన్ని తట్టుకోగలదో చూసుకుని ఆ వైపు మొగ్గాలి. ఒక మానా కార్డులు 16 ఉన్న డెక్ ఒక్క ల్యాండ్‌తో కూడా కాసేపు బతుకుతుంది.

మానా ఇచ్చే క్రీచర్లని ల్యాండ్లుగా లెక్కపెట్టొచ్చా అని చాలామందికి సందేహం. లానొవార్ ఎల్వ్స్‌ని నేను సగం ల్యాండ్ అనుకుంటాను. నాలుగు ఎల్వ్స్ ఉంటే ఒకటి రెండు ల్యాండ్లు తగ్గించొచ్చు, నాలుగూ తగ్గించకూడదు. దాన్ని ఆడటానికే ఒక ల్యాండ్ కావాలి, పైగా ఎదుటివాడు బోల్ట్ వేసేది ముందు దానిమీదే. 2020లో జెండికార్ రైజింగ్ సెట్‌తో ఒక వైపు స్పెల్, రెండో వైపు ల్యాండ్ ఉండే కార్డులు వచ్చాయి. వాటితో ఈ లెక్క కాస్త సులువైంది.

కాపీల సంగతి తొందరగా చూసేద్దాం. నాలుగు కాపీలున్న కార్డు మొదటి హ్యాండ్‌లో కనీసం ఒకటి వచ్చే అవకాశం 40 శాతం, మూడైతే 32, రెండైతే 22, ఒక్కటే అయితే 12. మొదటి టర్న్‌లోనే కావాల్సినదానికి నాలుగు తప్ప వేరే మాట లేదు. ఆట చివర్లో ఒకసారి వస్తే చాలనుకునేవాటికి ఒకటి రెండు చాలు. లెజెండరీ కార్డులు ఒకే పేరువి రెండు బల్ల మీద మీవైపు ఉండటానికి రూల్ ఒప్పుకోదు, ఒకటి పోతుంది. అందుకే వాటికి ఎక్కువసార్లు రెండో మూడో పెడతారు.

అరవై దాటితే ఏమవుతుంది? ఒక్క కార్డు పెరిగితే కొంపలేం మునగవు, కానీ అలవాటు చెడుతుంది. 80 కార్డుల డెక్‌లో నాలుగు కాపీలు పెట్టినా మొదటి హ్యాండ్‌లో వచ్చే అవకాశం 31 శాతమే, దాదాపు అరవైలో మూడు కాపీలు పెట్టినట్టే. తెలిసి తెలిసి ఆ నష్టం భరించినవాళ్లూ ఉన్నారు. 2020లో వచ్చిన యోరియన్ అనే కార్డుని కంపానియన్‌గా (తోడు కార్డుగా) పెట్టుకోవాలంటే డెక్‌లో 20 కార్డులు అదనంగా ఉండాలి. దానికి బదులు ప్రతి ఆటలోనూ అది డెక్ బయట సిద్ధంగా ఉంటుంది. ఆ బేరం ఎంత లాభసాటిగా ఉందంటే, 2022లో మోడర్న్ ఫార్మాట్‌లో (ఆటలో ఒక పోటీ విభాగం) దాన్ని బ్యాన్ చేశారు. మీ 61వ కార్డు మీకు అలాంటిదేమైనా ఇస్తోందా?

లెక్క అయ్యాక డెక్‌ని చేతితో పరీక్షించాలి. బాగా కలిపి ఏడు కార్డులు తీయండి, ఎదుట ఎవరూ లేకుండానే నాలుగు టర్న్‌లు ఆడండి. పదిలో ఎన్ని మానాలు ఖర్చుపెట్టారో రాసుకోండి. ఇలా ఇరవైసార్లు. ఏడు దాటని ఆటలు ఎక్కువగా ఉంటే కర్వ్‌లో ఎక్కడో పొరపాటుంది. ఎక్కువసార్లు రెండో టర్న్ దగ్గర దొరుకుతుంది. కానీ ఒక జాగ్రత్త: 24 ల్యాండ్ల డెక్‌లో ఇరవై హ్యాండ్‌లకి దాదాపు మూడు, సున్నా లేదా ఒక్క ల్యాండ్‌తో రావడం మామూలే. మూడు చూడగానే టెన్షన్ పడి ల్యాండ్లు పెంచేయకండి.

అలాంటి హ్యాండ్ వస్తే మల్లిగన్ ఉండనే ఉంది. 2019 నుంచి నడుస్తున్న పద్ధతిలో మళ్లీ ఏడు కార్డులు తీసుకుని, నచ్చని ఒకదాన్ని డెక్ అడుక్కి పంపుతాం. ఎప్పుడు తీసుకోవాలి, ఏది అడుక్కి పంపాలి అన్నదే అయిదో పాఠం. దానికి ముందు మీకో హ్యాండ్ ఇస్తున్నాను.

పైన చెప్పిన 20 ల్యాండ్ల ఎర్ర డెక్. మొదటి టర్న్ మీదే. ఏడు కార్డులు: ఒక మౌంటెన్ (ఎర్ర మానా ఇచ్చే ల్యాండ్), రెండు గోబ్లిన్ గైడ్‌లు, మూడు లైట్నింగ్ బోల్ట్‌లు, ఒక మూడు మానాల కార్డు. డెక్‌లో మిగిలిన 53 కార్డులలో 19 ల్యాండ్లు. రెండో టర్న్‌కి రెండో ల్యాండ్ వచ్చే అవకాశం 36 శాతం, మూడో టర్న్‌కి 59. ఉంచుకుంటారా, తిప్పి పంపుతారా? అదే హ్యాండ్, కానీ మొదట ఆడేది ఎదుటివాడైతే ఆ రెండు అంకెలూ ఎంతవుతాయో, అప్పుడు మీ జవాబు మారుతుందో లేదో కారణంతో సహా రాసి ఉంచండి.