మంచుకు వెళ్లే ముందు పర్లాకిమిడిలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

దసరా సెలవులు మొదలయ్యాయంటే మా పర్లాకిమిడి పిల్లలు నలుగురైదుగురు నా దగ్గరికి వస్తారు. జనవరిలో కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌కో ఉత్తరాఖండ్‌లోని ఔలీకో స్కీయింగ్ కోర్సుకు వెళ్లాలి మాస్టారూ, ఇప్పట్నుంచి ఏం చెయ్యాలి అని అడుగుతారు. పొడుగాటి సన్నని స్కీలు కాళ్లకు తొడుక్కుని, చేతుల్లో పోల్స్‌తో, అంటే ఊత కర్రలతో, మంచు మీద కిలోమీటర్ల కొద్దీ సాగే క్రాస్ కంట్రీ స్కీయింగ్ నేను సైన్యంలో ఉండగా నేర్చుకున్నాను. మంచు పడని ఒడిశా గజపతి జిల్లాలో ఇదేం ఆట అని ఎవరైనా అంటే కర్ణాటకలోని కొడగు అమ్మాయి భవాని గురించి చెప్తాను. కాఫీ తోటల ఊళ్ల నుంచి వెళ్లి, ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో ఇదే ఆటలో బంగారు పతకాలు తెచ్చుకుంది.

మా దగ్గర నుంచి వెళ్లి మంచులో దెబ్బ తగిలించుకున్నవాళ్లు తక్కువ. అసలు రైలే ఎక్కలేకపోయినవాళ్లు ఎక్కువ. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో జ్వరం పట్టుకోవడమో, రోడ్డు మీద పడి మణికట్టు విరగడమో, ఒకేసారి ఎక్కువ పరుగెత్తి మోకాలు పట్టేయడమో జరుగుతుంది. అందుకే ముందు ఇక్కడి సంగతులు చెప్తాను.

అన్నిటికన్నా నాకు భయం జ్వరమంటే. వానలు తగ్గాక కొండ వాలుల్లో గడ్డి నడుమెత్తు పెరుగుతుంది. ఆ గడ్డిలో, పొదల్లో కంటికి ఆనని నల్లి లాంటి పురుగులుంటాయి. వాటి పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. కుట్టినప్పుడు నొప్పి ఉండదు, తెలియనే తెలియదు. వారం పది రోజులయ్యాక జ్వరం, విపరీతమైన తలనొప్పి, ఒళ్లు నొప్పులు మొదలవుతాయి. రెండేళ్ల కిందట మంచి దమ్మున్న కుర్రాడొకడు ఇలాగే పడ్డాడు. మలేరియా పరీక్ష చేస్తే లేదని వచ్చింది. జ్వరం మాత్రలిచ్చి ఇంటికి పంపేశారు. ఆరో రోజున వాళ్లమ్మ తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తుంటే మొలతాడు కింద కందిగింజంత నల్లటి పెచ్చు కనబడింది. చుట్టూ ఎర్రగా ఉంది, సిగరెట్‌తో చురక పెట్టినట్టు. ఆ పురుగు కుట్టిన చోట కట్టే పెచ్చు అది. ఆవిడ దాన్ని వేలు పెట్టి చూపించాకే డాక్టరు గారు డాక్సీసైక్లిన్ అనే మందు మొదలుపెట్టారు. రెండు రోజుల్లో జ్వరం దిగింది. కానీ ఆ చలికాలమంతా వాడికి మేడమెట్లు ఎక్కితేనే ఆయాసం.

కాబట్టి కొండ మీదికి వెళ్లేటప్పుడు ఎండగా ఉన్నా సరే ఫుల్ ప్యాంటు వేసుకుని అంచుల్ని మేజోళ్లలోకి దోపండి. గడ్డి మీద కూర్చోకండి, చెమట చొక్కా విప్పి పొద మీద ఆరేయకండి. ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేసి, ఆ బట్టలు ఆ రోజే ఉతికేయండి. చంకలు, గజ్జలు, నడుము, మోకాలి వెనక ఒకసారి చూసుకోండి. పెచ్చు అందరికీ కనబడదు. అది లేకపోయినా, జ్వరం వస్తే "పొదల్లో తిరిగాను" అని డాక్టరుకు మీరే చెప్పండి. మన వైపు మలేరియా కూడా తక్కువేం కాదు, దోమతెర లేకుండా పడుకోకండి. ఇంకో మాట. జ్వరంతో ఉన్నప్పుడు చెమట పట్టిస్తే తగ్గిపోతుందని పరుగెత్తేవాళ్లున్నారు. కొన్ని జ్వరాలు గుండె కండరాన్ని కూడా వాచేలా చేస్తాయి, ఆ సమయంలో శ్రమ పెడితే ప్రాణం మీదికి వస్తుంది. జ్వరం పూర్తిగా తగ్గి, అన్నం మామూలుగా తినగలిగాకే నడక మొదలుపెట్టండి.

కొండ మానేయమని మాత్రం అనను. 1,501 మీటర్ల మహేంద్రగిరి మనకున్న పెద్ద వరం. నార్వే స్కీయర్లు ఈ కాలంలో పోల్స్ పట్టుకుని ఎత్తు మీదికి గెంతుతూ ఎక్కుతారు. మంచు మీద కాలు తోసే కదలిక దాంతోనే పట్టుబడుతుంది. మనమూ అదే చేస్తాం. కాకపోతే వాన తెరిపిచ్చిందని వెంటనే వెళ్లకండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక మన జిల్లాలో ఎక్కువ ప్రాణాలు తీసింది గాలి కాదు, ఆ తర్వాత కురిసిన వాన. బరఘర ఊళ్లో గుహలో తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియ పడింది. వాయుగుండం కబురు వినబడితే కొండ కార్యక్రమం రద్దు. గట్టివాన ఆగాక కూడా మూడు నాలుగు రోజులు ఆ వైపు వెళ్లకండి, నీళ్లు తాగిన మట్టి ఎండ కాశాక కూడా జారుతుంది.

వరి పాలు పోసుకునే వేళకు ఏనుగుల సంగతి కూడా కనుక్కోవాలి. లఖారి లోయ వైపు నుంచి గుంపులు అప్పుడప్పుడూ చేలమీదికి దిగుతాయి. ఈ విషయంలో ఫోన్ కన్నా కొండ మీది సవర ఊళ్ల పెద్దల మాటే నాకు ఎక్కువ నమ్మకం. తెల్లారి ఏ దారిన వెళ్లవచ్చో వాళ్లకు తెలుసు. దారిలో ఆగి పలకరించండి, "తాతా, ఇటు వెళ్లొచ్చా" అని అడగండి. వద్దంటే తిరిగి వచ్చేయండి. నేను మూడుసార్లు తిరిగి వచ్చేశాను. ఒంటరిగా మాత్రం ఎవరూ కొండెక్కవద్దు. కాలు మడతపడితే కిందికి మోసుకొచ్చేవాళ్లు ఉండాలి కదా.

ఇక మంచు లేని చోట రోడ్డు మీద సాధన చేసే రోలర్ స్కీలు. పొట్టి స్కీకి ముందొక చక్రం, వెనకొక చక్రం. మామూలుగా వీటికి బ్రేకు ఉండదు, ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి. వేగం పెరిగాక ఆగడానికి మడమలు విడదీసి తోసుకోవాలి, కుదరకపోతే రోడ్డు పక్క గడ్డిలోకి అడుగేయాలి. అందుకని పల్లం ఉన్న చోట నేర్చుకోకండి. చదును రోడ్డు మీద, ఆదివారం పొద్దున్నే, వెలుతురు వచ్చాక మొదలుపెట్టండి. వెనక ఒక బండి మీద అన్నో బాబాయో రావాలి, లైటు వేసుకుని. మీ ఒంటి మీద మెరిసే జాకెట్టు, తలకు హెల్మెట్, చేతులకు గ్లవ్స్, మోచేతులకు ప్యాడ్లు ఉండాలి. పోల్ చివరి ఇనుపమొన తారులో దిగాలి, "టిక్" మని పొడి చప్పుడు రావాలి. జర్రుమని జారిందంటే మొన అరిగింది. అలాగే నెట్టుకుంటూ పోతే బలమంతా భుజం మీద పడి కీలు పట్టేస్తుంది. వారానికోసారి డైమండ్ ఆకురాయితో పదును పెట్టండి.

కోతలు మొదలైతే ఈ రోడ్లే కళ్లాలవుతాయి. సగం రోడ్డు మేర ధాన్యం, అంచున వరుసగా రాళ్లు, మధ్యలో చీర కొంగంత సందు. చక్రం కింద నాలుగు గింజలు పడ్డా కాలు అక్కడే ఆగిపోతుంది, ఒళ్లు ముందుకు వెళ్లిపోతుంది. నాకు కింది పన్ను ఒకటి అలాగే పోయింది. పైగా అవి ఒక కుటుంబం ఏడాది కష్టం, వాటి మీదుగా వెళ్లే హక్కు మనకు లేదు. ధాన్యం కనబడితే స్కీలు విప్పి చేత పట్టుకుని నడవండి. కోతల నెలంతా పరుగు, మెట్లు, రబ్బరు తాళ్లతో చేతి కసరత్తు చేసుకుంటే చాలు. ఓ పూట వాళ్ల ధాన్యం ఎత్తడానికి సాయం పట్టండి. రోడ్డు మీద మా పిల్లలు కింద పడితే ఆ ఊరివాళ్లే మంచినీళ్లు పట్టుకుని పరిగెత్తుకొస్తారు.

కసరత్తు ఎంత చెయ్యాలన్న దానికి నా కొలత ఒకటే, మాట్లాడగలగడం. పరుగెత్తుతూ పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. వారంలో ఎక్కువ రోజులు అలాగే ఉండాలి, గట్టిగా ఊపిరి ఎగపోసే పని ఒకటి రెండు రోజులే. పొద్దున్న లేవగానే మంచం మీదే నాడి లెక్కపెట్టి రాసుకోండి. రోజూ ఉండేదాని కన్నా పది పెరిగితే ఆ రోజు విశ్రాంతి. కార్తీక సోమవారం ఉపవాసం ఉంటే ఉండండి, ఆ రోజు నడక చాలు. మిగతా రోజుల్లో చోడి అంబలి, చద్దన్నంలో మజ్జిగ, ఉప్పు ఏ డబ్బా పొడికీ తీసిపోవు. అక్టోబర్ ఉక్కలో చెమట బాగా పోతుంది. లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి వెంట పెట్టుకోండి. చెంచా అంటే టీ చెంచా.

చలి సామాన్ల గురించి అక్కడ నేర్పుతారు, నేను రెండు మూడు ముక్కలే చెప్తాను. నల్ల కళ్లద్దాలు తప్పనిసరి, మంచు మీద తిరగబడిన ఎండ కళ్లను కాల్చేస్తుంది. వేళ్లు మొద్దుబారి తెల్లబడితే మంచుతో రుద్దకండి, చంకలో పెట్టుకుని అక్కడ నేర్పేవాళ్లకు వెంటనే చెప్పండి. గుల్‌మార్గ్ 2,600 మీటర్ల పైన ఉంటుంది, మహేంద్రగిరి ఎక్కిన దమ్ము అక్కడ మొదటి రెండు రోజులు పనికిరాదు. తలనొప్పి, వాంతి ఉంటే ఎత్తు ఎక్కకండి, దాచుకోకండి.

ప్రయాణానికి వారం ముందు పోల్స్ కట్ట కట్టేసి అటక మీద పెట్టేయండి. పలాసలో రైలెక్కేసరికి ఒంట్లో అలసట ఉండకూడదు. బ్యాగు పై జేబులో ఒక కాగితం పెట్టుకోండి. పేరు, ఇంటి ఫోన్ నంబరు, బ్లడ్ గ్రూపు, వాటి కింద పెద్ద అక్షరాలతో "ఒడిశా గజపతి జిల్లా నుంచి వచ్చాను" అని ఇంగ్లీషులోనో హిందీలోనో రాయించండి. ఇక్కడ దోమో పురుగో కుట్టి అంటుకున్న జ్వరం అక్కడికి చేరిన రెండు మూడు వారాలకు బయటపడవచ్చు. మంచులో వణుకుతున్న పిల్లాణ్ణి చూస్తే అక్కడి డాక్టరుకు చలి, నిమోనియా గుర్తొస్తాయి గానీ మలేరియా, స్క్రబ్ టైఫస్ గుర్తు రాకపోవచ్చు. ఆ కాగితం చూపించి, ఆ రెండు పరీక్షలూ చేయమని అడగండి.