రాత్రిళ్లు పిల్లి అరుస్తోందా? ముందు ఎందుకో కనిపెట్టండి

రాత్రి రెండింటికి పిల్లి అరుపు లంకించుకుంటే మన నిద్ర పోవడం ఒక ఎత్తు, పొద్దున్నే పక్క ఫ్లాట్ పెద్దావిడ వచ్చి "పిల్లి ఏడిస్తే ఇంటికి మంచిది కాదమ్మా" అనడం ఇంకో ఎత్తు. అరిష్టమూ లేదు, ఏమీ లేదు. ఎదిగిన పిల్లులు తమలో తాము మ్యావ్ అనుకోవడం చాలా తక్కువ, ఆ పిలుపు ఎక్కువగా మనుషుల కోసమే. తిట్టినా, నీళ్లు చల్లినా మీరంటే భయం పట్టుకుంటుంది, అంతే.

అన్నిటికంటే ముందు ఇది చూడండి. మగపిల్లి మాటిమాటికీ ఇసుక ట్రేలోకి వెళ్లి ముక్కుతూ అరుస్తోందా, మూత్రం చుక్కలుగా వస్తోందా, అసలు రావట్లేదా? అలాగైతే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. నొప్పేమో అని డోలో ముక్క మాత్రం వేయొద్దు, పారాసెటమాల్ పిల్లికి విషం.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడపిల్లి నేల మీద పొర్లుతూ, నడుము పైకెత్తి తోక పక్కకు తిప్పి, గొంతు సాగదీసి అరుస్తుంటే ఎదకొచ్చిందని అర్థం. అది ఓ వారం ఉంటుంది, జత కట్టకపోతే రెండు మూడు వారాల్లో మళ్లీ మొదలు. దీనికి ఆపరేషనే దారి, ఐదారు నెలల వయసులో చేయించొచ్చు. ఒక ఈత అయ్యాక చేయిద్దాం అంటారు చాలామంది, ఆ అవసరమే లేదు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, బెజవాడలో, గుంటూరులో ప్రైవేటు క్లినిక్‌లూ ఉన్నాయి, పిల్లులకు ఆపరేషన్ చేస్తారో లేదో ఫోన్‌లో కనుక్కుని వెళ్లండి.

పదేళ్లు దాటిన పిల్లి కొత్తగా అరుస్తోందంటే థైరాయిడో, బీపీయో, కిడ్నీయో, వయసుతో వచ్చే మతిమరుపో కావచ్చు. రక్తపరీక్ష చేయించండి.

ఇవేవీ కాకపోతే ఆకలో, తోచకపోవడమో. మన ఎండలకు పగలంతా ఫ్యాన్ కింద చల్లటి గచ్చు మీద పడుకున్న పిల్లికి రాత్రి నిద్రెక్కడ పడుతుంది, పైగా సందెవేళ, తెల్లవారుజామున హుషారుగా ఉండటం దాని స్వభావం. అందుకే మీరు పడుకునే ముందు తాడుకు ఈకో గుడ్డపీలికో కట్టి పది పదిహేను నిమిషాలు పరిగెత్తించండి, చివర్లో దాన్ని పట్టుకోనివ్వండి, ఉత్తినే ఊరించి వదిలేస్తే ఆ కసి తీరదు. ఆడాక తాడు దాచేయాలి, మింగితే పేగుల్లో చిక్కుకుంటుంది. ఆట అవగానే కడుపునిండా పెట్టండి: ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెనో, రోజూ తినే క్యాట్‌ఫుడ్ గింజలో. పాలు వద్దు, చాలా పిల్లులకు అరగవు. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర... వాటి వరస అదే.

ఇక కష్టమైన భాగం. ఆరోగ్యం బాగుందని తేలాక, అరిచినప్పుడు లేవకూడదు, పలకరించకూడదు. మొదటి కొన్ని రాత్రులు అరుపు ఇంకా పెరుగుతుంది, అప్పుడు విసుగొచ్చి గుప్పెడు గింజలు వేశారా, ఎంతసేపు అరిస్తే మీరు లేస్తారో దానికి లెక్క తెలిసిపోతుంది. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి, నాయనమ్మ జాలిపడి చాటుగా పెరుగన్నం పెడితే అంతా మొదటికొస్తుంది. తెల్లవారుజామున ఆకలికి లేచే పిల్లయితే టైమర్ ఉన్న ఫీడర్ పెట్టండి, అప్పుడు అది మీ మంచం దగ్గర కాకుండా ఆ గిన్నె దగ్గర కాపు కాస్తుంది. ప్రహరీ మీద వీధి గండుపిల్లి తిరుగుతుంటే, రాత్రిపూట ఆ వైపు కిటికీ మూసి కర్టెన్ వేసేయండి.