ఊదనంటే ఏమవుతుంది?

శనివారం అర్ధరాత్రి ఫోన్ మోగితే మా ఇంట్లో ఎవరూ కంగారు పడరు. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో ఎవరో దొరికారని, లాయర్ని కాబట్టి నాకు చేశారని తెలిసిపోతుంది. మొన్న చేసింది మా పిన్ని కొడుకు, జూబ్లీహిల్స్ నుంచి. "అక్కా, ఊదనన్నాను. మిషన్‌లో నంబరు రాకపోతే కేసుండదు కదా?"

ఉంటుందిరా అన్నాను. వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నా.

తాగి నడిపారని తగిన అనుమానం ఉంటే, యూనిఫాంలో ఉన్న పోలీసు మిమ్మల్ని ఊదమనొచ్చు. మోటారు వాహనాల చట్టం 203వ సెక్షన్ ఇది. కాదంటే వారంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు. స్టేషన్‌లో ఊదడానికి ఇంకో అవకాశం ఇవ్వాలి. అక్కడా మొండికేస్తే 204 కింద డాక్టరుకు రక్తం ఇవ్వమంటారు. ఇచ్చేది మహిళ, తీసేది మగ డాక్టరు అయితే పక్కన ఇంకో మహిళ ఉండాల్సిందే.

రక్తమూ ఇవ్వనంటే? అసలు చిక్కు అక్కడుంది. సరైన కారణం చూపకపోతే, 205 ప్రకారం మీ నిరాకరణనే కోర్టు పోలీసుల సాక్ష్యానికి బలంగా తీసుకోవచ్చు. అదొక్కటే శిక్ష వేయించదు గానీ, మీరు చెప్పుకునేదాన్ని మాత్రం బాగా పలచన చేస్తుంది.

ఆస్తమా లాంటి ఇబ్బంది నిజంగా ఉంటే గొడవకు దిగకండి. ఆ మాట ముందే చెప్పి, రక్తపరీక్ష చేయమని అడగండి. మందుల చీటీ ఫోన్‌లో ఉంటే చూపండి. పోలీసును నెట్టారంటే అది వేరే కేసు, దీనికన్నా పెద్దది.

అరెస్టు చేస్తే టైం రాసుకోండి. రెండు గంటల్లోపు వైద్యపరీక్ష జరగకపోతే కస్టడీ నుంచి వదిలేయాలి. కేసు పోయిందనుకోకండి, మిమ్మల్ని వదులుతారంతే. తాగని స్నేహితుడు పక్కనుంటే బండి అతనికివ్వమని అడగండి. తెలంగాణ హైకోర్టు 2021లోనే ఆ మాట చెప్పింది.

100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మి.గ్రా. దాటి, నేరం రుజువైతే మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000, లేదా రెండూ.

మావాడు చివరికి ఊదాడు. 61. ఫోన్ పెట్టేముందు, "అమ్మకు చెప్పకక్కా" అన్నాడు. కౌన్సెలింగ్‌కు ఇంట్లోవాళ్లను వెంట తీసుకురమ్మంటారని వాడికప్పటికి తెలియదు.