షోరూము డిస్కౌంటుకు మోసపోకుండా బైకు కొనడం ఎలా?

దసరా దగ్గరపడిందంటే చాలు, బైకు షోరూముల ముందు ఫ్లెక్సీలు లేస్తాయి. ‘రూ.15,000 వరకు లాభం’. అంకె ఆమడ దూరం నుంచి కనిపిస్తుంది; ‘వరకు’ అన్న మాట చదవడానికి మాత్రం దగ్గరికెళ్లి కళ్లు చికిలించాలి. మా బంధువుల్లోనూ కాలనీలోనూ ఎవరు బండి కొన్నా కొటేషను తెచ్చి నా చేతిలో పెడతారు. చూసిపెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. అడ్వాన్సు కట్టేసి వచ్చి ‘ధర సరిగ్గానే వేశారా’ అని అడిగేవాళ్లతోనే తంటా. అందుకే పద్ధతంతా ఒకచోట రాస్తున్నాను. వరస మార్చకుండా చేయండి.

కావలసినవి కాగితం, పెన్ను, ఫోను. వెంట ఒక మనిషి చాలు, అదీ బండి మీద మోజు లేని మనిషి. పిల్లలను తీసుకెళ్లకండి. వాళ్లు రంగు ఎంచేశాక మీరు బేరమాడలేరు.

ఎప్పుడు వెళ్లాలి?

ఆషాఢంలో వెళ్లండి. ఆషాఢంలోనూ మూఢంలోనూ మనవాళ్లు కొత్త బండి జోలికి పోరు. షోరూము ఖాళీగా ఉంటుంది, మేనేజరే లేచి వచ్చి కుర్చీ చూపిస్తాడు. విజయదశమి నాడే తాళాలు చేతికి రావాలని పట్టుబట్టే గుంపులో మీరూ ఒకరైతే, మీకు తగ్గించాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. ముహూర్తం తప్పదనుకునేవాళ్లు బేరం ముందే ముగించుకుని, బండిని మాత్రం మంచిరోజున తెచ్చుకోవచ్చు. నెలాఖరున వెళ్తే టార్గెట్ల కోసం తగ్గిస్తారని కొందరు చెబుతారు. కొంత నిజమే. కానీ అప్పుడు తగ్గేది ఎక్కువగా కదలని మోడలు, ఎవరూ అడగని రంగు.

అమ్మేవాడి మెడ మీద గడువు ఉన్నప్పుడే తగ్గింపు నిజమవుతుంది. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు బీఎస్ 3 (పాత పొగ కాలుష్య ప్రమాణాల) వాహనాల అమ్మకాన్ని ఏప్రిల్ 1 నుంచి ఆపేయాలని తీర్పు ఇచ్చింది. మిగిలిన రెండు రోజుల్లో పెద్ద పెద్ద కంపెనీలే వేలకు వేలు తగ్గించాయి, షోరూముల ముందు జనం బారులు తీరారు. డిస్కౌంటంటే అది. ఏటా పండక్కి అదే ఫ్లెక్సీని దులిపి కట్టడం డిస్కౌంటు కాదు.

అసలు ధర తెలుసుకోండి

కంపెనీ సొంత వెబ్‌సైటులో మీ ఊరు ఎంచుకుని ఎక్స్‌షోరూమ్ ధర, అంటే రిజిస్ట్రేషను, బీమా ఖర్చులు కలపని ధర, రాసుకోండి. ఒకే ఊళ్లో ఒకే మోడలుకు ఈ ధర సాధారణంగా అన్ని షోరూముల్లోనూ ఒకటే. బళ్ల ధరలు పోల్చి చూపించే సైట్లలో ఆన్‌రోడ్డు ధర (అన్నీ కలిపిన మొత్తం) చూసుకుని వెళ్లేవాళ్లంటే నాకు చిరాకు. ఆ అంకెలో బీమా ఏ కంపెనీదో, ఎంత విలువకు వేశారో, ఏ యాక్సెసరీ కలిపారో ఎవరికీ తెలియదు. దాన్ని పట్టుకుని బేరమాడితే షోరూమువాళ్లకే సుఖం.

పన్ను తగ్గింపును కూడా ఇక్కడే లెక్క తేల్చుకోవాలి. 2025 సెప్టెంబరు 22న, సరిగ్గా నవరాత్రులు మొదలైన రోజున, 350 సీసీ వరకు ఉన్న బైకుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. 350 సీసీ దాటినవాటి మీద 40 శాతానికి పెరిగింది. పది శాతం తగ్గింది కాబట్టి లక్ష రూపాయల బండి తొంభై వేలకు వస్తుందని చాలామంది లెక్క. అలా రాదు. 28 శాతం పన్నుతో లక్ష అయిన బండికి పన్ను లేని ధర రూ.78,125. దాని మీద 18 శాతం వేస్తే దాదాపు రూ.92,188 అవుతుంది. అంటే తగ్గింది ఏడు వేల ఎనిమిది వందల పైచిలుకు. అది ప్రభుత్వం తగ్గించిన పన్ను, షోరూము ఔదార్యం కాదు. పాత ధర కొట్టేసి కొత్త ధర పక్కన రాసి, ఆ తేడాను పండగ ఆఫరులో కలిపి చూపిస్తే, ఆ ఏడు వేల ఎనిమిది వందలు తీసేసి మిగిలిందెంతో అడగండి.

కొటేషను: తొందర పడకూడని చోటు

మొత్తం వ్యవహారంలో కష్టమైన పని ఇదొక్కటే. చెడేదీ ఇక్కడే. కనీసం మూడు షోరూముల నుంచి, ప్రతి పద్దూ విడివిడిగా చూపిస్తూ, షోరూము ముద్రతో అచ్చయిన కొటేషను తెచ్చుకోవాలి. విజిటింగ్ కార్డు వెనక పెన్నుతో రాసిచ్చిన అంకె కొటేషను కాదు. నాకు చూపించినవాటిలో ఎక్కువ అవే: పైన మోడలు పేరు, కింద ఒక గీత, గీత కింద ఒకే ఒక్క మొత్తం, దాని చుట్టూ సున్నా. ఆ సున్నాలోకి ఎనిమిది పద్దులు దూరి ఉంటాయి. ఒక పద్దులో తగ్గించి మరో పద్దులో పెంచితే మీకు తెలిసే దారి లేదు. కాబట్టి ఆ కాగితం చేతికి రాకముందు డిస్కౌంటు అన్న మాట మీ నోటి నుంచి రాకూడదు. అడ్వాన్సు ఒక్క రూపాయి కూడా కట్టకూడదు. ‘రేపటితో ఆఫరు అయిపోతుంది సార్’ అంటే, అయిపోనివ్వండి.

కాగితం వచ్చాక పద్దుల్ని రెండుగా చీల్చండి: చట్టం ప్రకారం కట్టక తప్పనివి, షోరూము కలిపినవి.

కట్టక తప్పనివాటిలో ఎక్స్‌షోరూమ్ ధర తర్వాత పెద్దది లైఫ్ ట్యాక్సు, అంటే రాష్ట్రం ఒకేసారి వసూలు చేసే రోడ్డు పన్ను. బండి ధరను బట్టి శ్లాబు ఉంటుంది, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఎవరి శ్లాబులు వాళ్లవి. రవాణా శాఖ సైటులో చూసి మీరే గుణించండి. తర్వాత రిజిస్ట్రేషను. ఇక్కడే చేతివాటం. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం మోటారు సైకిలు రిజిస్ట్రేషను రుసుము రూ.300, స్మార్ట్ కార్డుకు రూ.200. అప్పు మీద కొంటే హైపోథెకేషను (బండి అప్పిచ్చినవాళ్ల తాకట్టులో ఉందని రాసే) నమోదుకు మరో రూ.500. రాష్ట్రం వేసే సేవా రుసుము, తపాలా ఖర్చు కలిపినా వేలకు వేలు కాదు. లైఫ్ ట్యాక్సు విడిగా చూపించి, మళ్లీ ‘రిజిస్ట్రేషన్, ఇతరాలు’ అని నాలుగు వేలు రాస్తే, ‘ఇతరాలు’ అంటే ఏమిటో రాసివ్వమనండి. రాసివ్వరు. తగ్గిస్తారు.

బీమా దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి, అందరూ జారేది ఇక్కడే. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి వేసే బీమా, తప్పనిసరి. దీని ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించింది కాబట్టి ఏ కంపెనీలో తీసుకున్నా ఒకటే. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 75 సీసీ దాటి 150 సీసీ వరకు అయిదేళ్లకు రూ.3,851, 150 దాటి 350 సీసీ వరకు రూ.7,365. దీని మీద జీఎస్టీ 18 శాతం. అంటే 125 సీసీ బండికి థర్డ్ పార్టీ దాదాపు రూ.4,544. ఇందులో బేరం లేదు, మోసమూ లేదు.

తేడా అంతా మన బండికి జరిగే నష్టానికి వేసే భాగంలో ఉంటుంది. షోరూమువాళ్లు చెప్పే ప్రీమియానికీ, అదే బీమా కంపెనీ సైటులో మీరు చూసే ప్రీమియానికీ మధ్య చాలాసార్లు మంచి తేడా కనిపిస్తుంది. పోల్చేటప్పుడు ఐడీవీ, అంటే బండి బీమా విలువ, రెండు చోట్లా ఒకటే ఉండాలి. కొత్త బండికి అది ఎక్స్‌షోరూమ్ ధరలో 95 శాతం. షోరూమువాళ్లు ఈ విలువ తగ్గించి, ప్రీమియం తగ్గించాం చూడండి అని సంతోషపెడతారు. రేపు బండి దొంగల పాలైతే తగ్గేది మీకు వచ్చే సొమ్ము. జీరో డిప్రిసియేషను (విడిభాగాల అరుగుదల కింద సొమ్ము కోయకుండా ఇచ్చేది), ఇంజిను రక్షణ లాంటివి మీరు అడిగితేనే ఉండాలి. యజమానికి రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మీకు వేరే పాలసీలో ఇప్పటికే ఉంటే, మళ్లీ ఇక్కడ కొననక్కరలేదు.

‘మా దగ్గర బీమా తీసుకుంటేనే ఈ ధర’ అంటారు. ఏ కంపెనీ బీమా తీసుకోవాలో ఎంచుకునే హక్కు కొనేవాళ్లది. అయితే బయట తీసుకోవాలంటే చాసిస్ నంబరు, ఇంజిను నంబరు కావాలి. వాటిని ఇవ్వడానికి షోరూమువాళ్లు పడే బాధ చూడాలి! ‘సిస్టం పనిచేయడం లేదు’, ‘బండి గోడౌన్లో ఉంది’, ‘బిల్లయ్యాకే వస్తుంది’. కంగారు పడకండి. నంబర్లు ఇచ్చాకే మిగతా డబ్బు అని చెప్పి కూర్చోండి. వాళ్లిచ్చే కూల్‌డ్రింకు మాత్రం తాగకండి, తాగినవాళ్లకు మొహమాటం వస్తుంది.

ఇక షోరూము కలిపినవి. హ్యాండ్లింగ్ చార్జీలు, లాజిస్టిక్స్, పీడీఐ (డెలివరీకి ముందు చేసే తనిఖీ) అని రకరకాల పేర్లు. ఎక్స్‌షోరూమ్ ధర అంటేనే షోరూము గుమ్మం దాకా బండిని చేర్చిన ధర. మళ్లీ ఏమి మోసినందుకు ఈ డబ్బు? పూర్తిగా కొట్టేయించండి. టెఫ్లాన్ కోటింగు, ఎక్స్‌టెండెడ్ వారంటీ, రోడ్డు మీద సాయం, సర్వీసు ప్యాకేజీ: అవసరమైతే ఒకటి ఉంచుకోండి. నా మాటంటారా, ఏదీ వద్దు.

‘ఉచిత హెల్మెట్’ గురించి ఒక మాట. బండి కొనేటప్పుడు ఐఎస్ఐ ప్రమాణాల హెల్మెట్ తయారీదారే ఇవ్వాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 138వ నిబంధన చెబుతోంది. ఉచితమని ఫ్లెక్సీలో వేసుకోవడానికి అది వాళ్ల బహుమతి కాదు, డబ్బు వసూలు చేయడమైతే మరీ అన్యాయం. వెనక కూర్చునేవాళ్లకు పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టు, వెనక చక్రంలో చీర చిక్కుకోకుండా వేసే గార్డు కూడా 123వ నిబంధన ప్రకారం బండితోనే ఉండాల్సినవి. కొటేషనులో ‘శారీ గార్డు’ అని విడిగా పద్దు కనిపిస్తే వేలు పెట్టి చూపించండి. సేల్స్ కుర్రాడి మీద మాత్రం అరవకండి. పాపం అతనికి ఆ నిబంధన ఎవరూ చెప్పి ఉండరు. మేనేజరును పిలవమనండి.

ఇప్పుడు ఫ్లెక్సీ మీది ‘లాభం’ దగ్గరికి రండి. ఉదాహరణకు ఆ పదిహేను వేలను విప్పితే ఇలా ఉంటుంది: పాత బండి ఇస్తే అయిదు వేలు, ఫలానా బ్యాంకు క్రెడిట్ కార్డు మీద వాయిదాల్లో కొంటే అయిదు వేలు, ఫలానా సంస్థ ఉద్యోగి అయితే రెండు వేలు, మిగతా మూడు వేలు యాక్సెసరీల రూపంలో. ఈ నాలుగూ ఒకే మనిషికి కుదరడం ఎంత అరుదో చెప్పనక్కరలేదు. పైగా పాత బండికి అయిదు వేలు బోనసు ఇచ్చి, దాని వెల ఆరు వేలు తక్కువ కడతారు. అందుకే పాత బండి వెలను బయట మెకానిక్కు దగ్గరో పాత బళ్ల వ్యాపారి దగ్గరో ముందే కట్టించుకోండి.

మూడు కొటేషన్లలోనూ షోరూము కలిపిన పద్దులన్నీ కొట్టేసి, మిగిలిన మొత్తాలనే పోల్చండి. ఎక్కువ డిస్కౌంటు రాసిన కాగితం చాలాసార్లు ఎక్కువ ధర ఉన్న కాగితమే. మా బావమరిది అక్కడే పనిచేస్తాడు అని ఈ పని మానేసేవాళ్లున్నారు. బావమరిది కొటేషను కూడా మూడింటిలో ఒకటిగా పెట్టండి.

ఫైనాన్సు

జీరో డౌన్ పేమెంటు అని ఎగిరి గంతేయకండి. షోరూములో చెప్పే వడ్డీ తరచుగా ఫ్లాట్ రేటు. లక్ష రూపాయలకు 10 శాతం ఫ్లాట్ అంటే మూడేళ్లకు వడ్డీ 30 వేలు, నెలకు దాదాపు రూ.3,611. మీరు నెలనెలా అసలు తీర్చుతున్నా వడ్డీ మాత్రం మొత్తం లక్ష మీదే పడుతుంది. తగ్గే అసలు మీద లెక్కిస్తే ఇది దాదాపు 18 శాతం. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అని, వడ్డీ, చార్జీలు కలిపిన ఒకే వార్షిక రేటు ఉంటుంది. అది చూసి, మీ జీతం పడే బ్యాంకు రేటుతో పోల్చి, అప్పుడు సంతకం పెట్టండి.

బిల్లు, డెలివరీ

కట్టిన ప్రతి రూపాయికీ బిల్లు తీసుకోండి. ‘ఇది నగదుగా ఇవ్వండి, బిల్లులో రాదు’ అంటే ఇవ్వకండి. అమ్మకపు పత్రంలో తయారైన నెల, సంవత్సరం చూసుకోండి. కొత్త సంవత్సరంలో పాత సంవత్సరపు బండి అంటగడితే, అమ్మేటప్పుడు నష్టం మీది. అలాంటి బండికి తగ్గింపు ఘనంగా ఉండాలి, రెండు వేలు కాదు. హై సెక్యూరిటీ నంబరు ప్లేటు కూడా 2019 ఏప్రిల్ 1 నుంచి తయారీదారు నుంచే రావాలి.

అయినా మోసం జరిగితే 1915కు ఫోను చేయండి, అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. తప్పుదారి పట్టించే ప్రకటనలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తాయి. మొదటి తప్పుకు పది లక్షల రూపాయల వరకు జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార విధానమే. జిల్లా వినియోగదారుల కమిషనులో కేసు వేయడానికి రెండేళ్ల గడువు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు అయితే రుసుము లేదు, వకీలు లేకుండా మీరే వేసుకోవచ్చు. కొటేషను, బిల్లు, బ్యాంకు చెల్లింపుల వివరాలు, ఫ్లెక్సీ ఫొటో జతచేయండి. ఫొటోలో కింద ఉన్న చిన్న అక్షరాలు కూడా పడాలి.