ఢీకొట్టే శక్తి – 4వ పాఠం: పొటాషియం వేసే గాలం

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క చేశారా? పొటాషియం పరమాణువు, మిథైల్ అయొడైడ్ అణువు సెకనుకు 1000 మీటర్ల సాపేక్ష వేగంతో ఢీకొంటే, ఆ ఢీలో శక్తి ఎంత? విజయవాడలో నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే పిల్లల్లో సగం మంది మోలుకు 19.5 కిలోజౌళ్లని తెచ్చారు. ఎక్కడ జారారో చూడగానే తెలిసిపోయింది. పొటాషియం బరువు 39 ఒక్కటే వేసి కట్టేశారు. అక్కడ వేయాల్సింది రెండిటి రెడ్యూస్డ్ మాస్, అంటే రెండు బరువుల లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేది. 39ని మిథైల్ అయొడైడ్ బరువు 142తో గుణించి, మొత్తమైన 181తో భాగిస్తే 30.6. దాన్ని కిలోల్లోకి మార్చి, సగం చేసి, వేగవర్గంతో గుణిస్తే 15.3 కిలోజౌళ్లు. ఒక్క ఢీకి ఎంతో చెప్పే చిన్న యూనిట్, ఎలక్ట్రాన్ వోల్టుల్లోకి మార్చాలంటే 96.5తో భాగించండి, 0.16 వస్తుంది.

ఇప్పుడు ఈ శక్తిని పెంచుకుంటూ పోదాం. గట్టిగా గుద్దేకొద్దీ చర్య జోరందుకోవాలి కదా? మొదట అలాగే ఉంటుంది. సుమారు 0.18 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర శిఖరానికి చేరి, అక్కణ్ణుంచి చర్య జరిగే అవకాశం తగ్గిపోతుంది. పుట్టిన పొటాషియం అయొడైడ్ గోడకు కొట్టిన బంతిలా వెనక్కే వస్తుంది. 1986 రసాయన నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఒకరైన డడ్లీ హెర్ష్‌బాక్ తొలి ప్రయోగాల్లో పట్టుకున్నది ఈ చర్యనే.

అసలు కావలసిన వేగం ఎలా వస్తుంది? పొయ్యిలోంచి వచ్చే పొటాషియం ఆవిరిలో అన్ని వేగాలూ కలిసే ఉంటాయి. అందుకని ఒకే ఇరుసు మీద గంట్లున్న చక్రాలు బిగించి గిరగిరా తిప్పుతారు. గంట్లు ఒకదానికొకటి కాస్త పక్కకి ఉంటాయి. బందరు రోడ్డులో సరైన వేగంతో వెళ్తే వరసగా అన్ని సిగ్నళ్లూ పచ్చగా పడతాయంటారే, అలా. (నాకైతే ఎప్పుడూ పడలేదు.) చక్రాల వేగం మారిస్తే దాటొచ్చే పరమాణువుల వేగమూ మారుతుంది.

బ్రోమిన్‌తో కథ వేరు. కృష్ణ ఒడ్డున గాలం వేసేవాడు నీళ్లలోకి దిగడు, చేప దూరంగా ఉండగానే దారం విసురుతాడు. పొటాషియం కూడా అంతే. తాకకముందే తన ఎలక్ట్రాన్‌ని బ్రోమిన్ మీదికి విసురుతుంది. ఇటు ధనం, అటు రుణం, మధ్యలో ఆకర్షణే దారం. గాలం ఎంత దూరం పోతుందో ఒక్క భాగహారంతో చెప్పొచ్చు. పొటాషియం అయనీకరణ శక్తి (ఎలక్ట్రాన్‌ని లాగేయడానికయ్యేది) 4.34 ఎలక్ట్రాన్ వోల్టులు, బ్రోమిన్ అణువు ఎలక్ట్రాన్ అఫినిటీ (ఎలక్ట్రాన్‌ని పట్టుకున్నప్పుడు తిరిగొచ్చేది) సుమారు 2.5. తేడా 1.84. ఒక ఆంగ్‌స్ట్రాం (మీటరులో వెయ్యి కోట్లవ వంతు) దూరంలో ధన, రుణ అయాన్ల ఆకర్షణ శక్తి 14.4 ఎలక్ట్రాన్ వోల్టులు, దూరం పెరిగేకొద్దీ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఆ ఆకర్షణ ఈ తేడాని పూడ్చే దూరం కావాలంటే 14.4ని దాంతో భాగించాలి, 7.8 ఆంగ్‌స్ట్రాంలు. మామూలు బంధం పొడవుకి మూడింతలు! ఆ వ్యాసార్ధంతో వృత్తం గీస్తే, గాలం తగిలే మేర వైశాల్యం 190 చదరపు ఆంగ్‌స్ట్రాంలు దాటుతుంది.

ఇక్కడ గుద్దు గట్టిగా ఉండనక్కర్లేదు, మెల్లగా వచ్చినా గాలం తగులుతుంది. మరీ వేగంగా వస్తే ఎలక్ట్రాన్ దూకేలోపే పొటాషియం దాటిపోవచ్చు. ఒకవేళ దూకినా, ఢీ శక్తి 1.84 దాటితే దారం తెగే వీలుంది. ఉప్పు (పొటాషియం బ్రోమైడ్) పుట్టకుండా రెండు అయాన్లూ చెరో దారి పడతాయి. 1.84 ఎక్కడో చూసినట్టుందా? ఇందాక భాగించింది దాంతోనే. ఎలక్ట్రాన్‌ని ఇటునుంచి అటు మార్చడానికయ్యే ఖర్చు అది. ఆ ఖర్చు తక్కువైతే గాలం పొడుగు, దారం తెగడమూ తేలిక.

వచ్చే పాఠానికి: సోడియం (5.14), సీజియం (3.89) బ్రోమిన్‌ మీద వేసే గాలాల పొడవులు కట్టండి, దారం తెగే శక్తులూ రాయండి. సీజియంకి 10 దాటకపోతే తీసివేత మళ్లీ చూసుకోండి.