వాల్వు ఆంప్ పాఠాలు – 4: వోల్టేజి దించి జీర తెప్పించడం

పోయిన పాఠంలో వాల్యూమ్ పెంచుతూ పోతే వాల్వు ఆంప్ (గాజు వాల్వులతో నడిచే గిటారు యాంప్లిఫయరు) గొంతు ఎక్కడ జీరబోతుందో చెవితో పట్టుకున్నాం. ఈసారి వాల్యూమ్ ముట్టుకోం. కరెంటు వోల్టేజినే దించుతాం.

అనంతపురంలో ఉండేవాళ్లకు లో వోల్టేజి కొత్త కాదు. ఎండాకాలం సాయంత్రం ఇంటింటా కూలర్లు, ఏసీలు వేసేసరికి ఫ్యాను నెమ్మదిస్తుంది, స్టెబిలైజరు టక్కుటక్కుమంటుంది. ఈ కిటుకు నాకు దొరికింది అట్లాంటి సాయంత్రమే. స్టెబిలైజరు రిపేరుకు పోయింది, ఆంప్‌ను నేరుగా గోడ సాకెట్‌కే పెట్టాను. పొద్దున గిటారు మీద వాయించిన కార్డే (కలిపి మీటే స్వరాల గుంపే), నాబ్‌లు ఒక్కటీ కదపలేదు. అయినా తీగ మీటగానే ఠంగుమనే ఆ దెబ్బ మెత్తబడింది. దాని వెనకే నాదం ఉబ్బి, సన్నటి గరగరతో చాలాసేపు నిలిచింది. మల్టీమీటరు పెట్టి చూస్తే 196 వోల్టులు!

కారణం ఇది. మెయిన్స్ (గోడ సాకెట్ కరెంటు) తగ్గితే వాల్వు ప్లేటుకు, అంటే లోపల ఎలక్ట్రాన్లను లాక్కునే రేకుకు, అందే హై వోల్టేజి కూడా తగ్గుతుంది. ప్లేటు వోల్టేజి అంటే సిగ్నల్ ఊగడానికున్న జాగా. పైకప్పు కిందికి దిగినట్టు ఆ జాగా తగ్గేసరికి, అల కొస కప్పుకు తగిలి చదునవుతుంది. మనకు కావలసిన ఓవర్‌డ్రైవ్, అంటే ఆ జీర, అదే.

దీనికి పేరు తెచ్చింది అమెరికా రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్. తన 100 వాట్ల మార్షల్ ఆంప్‌ను వేరియాక్ (నాబ్ తిప్పి వోల్టేజి మార్చుకునే ట్రాన్స్‌ఫార్మరు) పెట్టి 90 వోల్టుల దగ్గరికి దించి వాయించేవాడు. అమెరికా మెయిన్స్ 120 కాబట్టి అది ముప్పావు వంతు. మొదట్లో ఆయనే వోల్టేజి పెంచానని చెప్పడంతో, అది నమ్మి ఆంప్‌లు కాల్చుకున్నవాళ్లున్నారు. మీరు ఎప్పుడూ పెంచొద్దు.

మన 230లో ముప్పావు వంతు 172. అంతకు దించమని నేను చెప్పను. ప్లేటుతో పాటు హీటరు (వాల్వును లోపల వేడెక్కించే తీగ) వోల్టేజి కూడా పడిపోతుంది. 6.3 ఉండాల్సిన హీటరు 4.7కు వస్తుంది. పది శాతం తేడా వరకు వాల్వు ఓర్చుకుంటుంది, అంతకన్నా చల్లగా ఎక్కువ కాలం నడిపితే క్యాథోడ్ (వేడికి ఎలక్ట్రాన్లు వదిలే భాగం) చెడిపోతుంది. పాత మైక్‌సెట్లు బాగుచేసే పెద్దాయన ఒకరు నాతో అన్నమాట: "హీటరు ఎర్రగా ఉండాలబ్బా, లేకుంటే వాల్వు పానం పోతాది." కాబట్టి మన హద్దు 207 వోల్టులు. అక్కడ హీటరుకు సుమారు 5.7 అందుతుంది. ఈ లెక్క 230కి తయారైన ఆంప్‌ది. ట్రాన్స్‌ఫార్మరును 240 వోల్టులకు కలిపిన (240 ట్యాప్) ఆంప్‌కైతే 216 దగ్గరే ఆగండి.

వేరియాక్‌ను మన ఎలక్ట్రికల్ షాపుల్లో డిమ్మర్‌స్టాట్ అంటారు. ఫ్యాను రెగ్యులేటరు, లైటు డిమ్మరు దీనికి బదులు పనికిరావు. 100 వాట్ల ఆంప్‌కైనా 4 ఆంపియర్లది చాలు. చాలావాటి నాబ్ 270 వరకు తిరుగుతుంది. కొనగానే నేను చేసిన మొదటి పని, నాబ్ 230 దాటకుండా చిన్న స్క్రూ అడ్డం బిగించడం. ఆ ఒక్క స్క్రూ మీ ట్రాన్స్‌ఫార్మరును కాపాడుతుంది.

ఇంకో సంగతి. డిమ్మర్‌స్టాట్ స్టెబిలైజరు కాదు. లోపలికి వచ్చేది పడితే బయటికి పోయేదీ పడుతుంది. మధ్యాహ్నం 210 దగ్గర పెట్టిన నాబ్ రాత్రికి 185 ఇవ్వొచ్చు. డయల్ మీది అంకెను నమ్మకండి, వాయించే ప్రతిసారీ అవుట్‌పుట్‌ను మీటరుతో చూసి, ఆ తర్వాతే ఆంప్ ప్లగ్ పెట్టండి. షాక్ నుంచి కూడా ఇది కాపాడదు, ఎర్త్ సరిగ్గా ఉండాలి. ఆంప్ మాత్రం విప్పొద్దు, ఆపేశాక కూడా కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. డిజిటల్ ఎఫెక్టులున్న ఆంప్‌ల మీద ఈ ప్రయోగం వద్దు.

శబ్దం తగ్గుతుందని మాత్రం ఆశపడకండి. వోల్టేజి పది శాతం దించితే పవర్ ఇరవై శాతం దాకా తగ్గినా, చెవికి ఆ తేడా ఒక డెసిబెల్ మాత్రమే. పక్కింటివాళ్లకు తెలియను కూడా తెలియదు.

ఈ వారం అభ్యాసం: స్పీకరు తగిలించి ఉందో లేదో ముందు చూసుకోండి. వాల్యూమ్ 6 మీద పెట్టి బ్రిడ్జ్ పికప్‌తో (తీగలు ఆనే బ్రిడ్జ్ పక్కనున్న పికప్‌తో) ఒకే పవర్ కార్డ్‌ను (మూల స్వరం, పంచమం కలిపిన కార్డ్‌ను) 230, 220, 210 దగ్గర వాయించి ఫోన్‌లో రికార్డు చేయండి. దెబ్బ ఎక్కడ మెత్తబడింది, నాదం ఎన్ని సెకన్లు నిలిచింది, పుస్తకంలో రాసుకోండి. వచ్చే పాఠంలో అటెన్యుయేటరు (ఆంప్‌కు, స్పీకరుకు మధ్య పెట్టి శబ్దం తగ్గించే పెట్టె) పట్టుకునేటప్పుడు ఆ అంకెలు కావాలి.